చలినీళ్లలో చేప ఎక్కడుంటుంది?

పుష్యమాసంలో తెల్లవారుజామునే చెరువు కట్ట మీద కూర్చుని గాలం వేసేవాళ్లు చాలామంది ఉత్త చేతులతో ఇంటికి పోతారు. వానకాలంలో ఎర నీళ్లలో పడగానే లాక్కుపోయిన చేపలు, అదే చెరువులో అదే చోట ఇప్పుడు లేనట్టే ఉంటాయి. చలికి చేప మేత ముట్టదని చెప్పుకుని గాలం చుట్టి చూరులో చెక్కేస్తారు. ఆ మాటలో సగమే నిజం. చేప చెరువు వదిలి పోలేదు, మేత పూర్తిగా మానలేదు. ఉండే చోటు మార్చుకుంది, తినే వేళ మార్చుకుంది. ఎందుకు మార్చుకుందో తెలిస్తే ఎటు పోయిందో చెప్పడం అంత కష్టం కాదు.

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నీళ్లను ఒకసారి తలుచుకుందాం. దక్షిణాన కృష్ణ. దాని మీద జూరాల, ఆ దిగువన కొల్లాపూర్ సోమశిల దాకా పరుచుకున్న శ్రీశైలం వెనుక జలాలు, ఇంకా దిగువన నందికొండ దగ్గర 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్. లోపలి భాగంలో డిండి, మూసీ, కోయిల్‌సాగర్, సరళాసాగర్. వీటి నడుమ ఎర్రనేలల మీద, రాతి గుట్టల సందుల్లో కట్టిన చెరువులు, కుంటలు. సాగర్ నీరు నిండుగా ఉన్నప్పుడు ఆనకట్ట దగ్గర వంద మీటర్లకు పైగా లోతు. ఊరి చెరువులో తూము దగ్గర రెండు నిలువులు ఉంటే గొప్ప. ఒకే చలిగాలి వీటిమీద వీచినా రెండుచోట్లా జరిగేది ఒకటి కాదు.

మన చలికాలం గట్టిది కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో పగలు 30 డిగ్రీల దాకా ఎండ కాస్తుంది, రాత్రికి 15 దగ్గరికి, కొన్ని రాత్రులు అంతకంటే కిందికి దిగుతుంది. మబ్బు లేని ఆకాశం, పొడిగాలి. నేల పగలు దాచుకున్న వేడిని రాత్రంతా పైకి వదిలేస్తుంది. చెరువు నీరు మాత్రం అంత వేగంగా చల్లబడదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 కిలోజౌళ్ల శక్తి కావాలి, చల్లబడాలంటే అంత శక్తీ బయటికి పోవాలి. అందుకే తెల్లవారుజామున గాలి కంటే నీరే వెచ్చగా ఉంటుంది. చెరువు మీద లేచే పొగమంచు అక్కడి నుంచే వస్తుంది.

నీరు కొన్ని డిగ్రీలు చల్లబడటం మనకు చిన్న మార్పు. చేపకు మాత్రం పెద్దది. మనిషి ఒంటి వేడి బయట ఎంత చలి ఉన్నా 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చేప ఒళ్లు దాని చుట్టూ ఉన్న నీటి వేడిలోనే ఉంటుంది. చేప ఒంట్లో జరిగే రసాయన చర్యలన్నీ ఆ వేడి మీదే ఆధారపడతాయి. స్థూలంగా చూస్తే నీరు 10 డిగ్రీలు చల్లబడితే జీవక్రియ వేగం సగానికి పడిపోతుంది. మేలో 30 డిగ్రీల నీళ్లలో తిరిగిన చేప జనవరిలో 20 డిగ్రీల నీళ్లలో సగం తిండితో బతకగలదు. మింగిన చిన్న కప్ప కడుపులో అరగడానికి పట్టే కాలం కూడా సాగుతుంది. పొయ్యి కింద మంట తగ్గిస్తే కుండలో ఉడుకు తగ్గినట్టే ఇది. ఎండాకాలంలో రోజూ వేటాడే చేపకు చలికాలంలో ఒక మేత రెండు మూడు రోజులకు సరిపోతుంది.

చలికి కండరాలు కూడా మందగిస్తాయి. ఎర దానంతట అది పరుగెత్తితే చేప దాని వెంట పడదు. ఖర్చయ్యే శక్తి, దొరికే మేత రెండూ సరితూగవు కాబట్టి కదలకుండా ఉండటమే దానికి లాభం. చలికాలంలో గాలాన్ని నెమ్మదిగా లాగాలని, ఎర చిన్నదిగా ఉండాలని పాత వేటగాళ్లు చెప్పేదానికి కారణం ఇదే. శాస్త్రం ఇక్కడ వాళ్ల అనుభవానికి లెక్క మాత్రమే చూపిస్తుంది.

అన్ని చేపలకూ చలి ఒకేలా పనిచేయదు. రవ్వు, బొచ్చె వంటివి చలికి ఎదుగుదల బాగా తగ్గించుకుంటాయి కానీ తట్టుకుంటాయి. ఆఫ్రికా నుంచి వచ్చిన తిలాపియా, మన దగ్గర జిలేబి అనే చేప, చలికి మరీ సున్నితం. నీరు 10–12 డిగ్రీలకు పడితే చచ్చిపోతుంది. మన చెరువుల నీళ్లు అంత దిగవు కాబట్టి అది ఇక్కడ దర్జాగా బతుకుతోంది.

ఇక చేప ఎటు పోతుందన్న ప్రశ్న. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా కాసిన ఎండ ఒక అడుగు లోతున్న నీటిని 4 డిగ్రీలు వేడెక్కించిందనుకుందాం. అంతే ఎండ పది అడుగుల లోతున్న నీటిని అర డిగ్రీ కూడా వేడెక్కించలేదు, ఎందుకంటే అదే శక్తి పది రెట్ల నీటికి పంచాలి. రాత్రికి ఇదే లెక్క తిరగబడుతుంది. ఒక అడుగు నీరు త్వరగా చల్లబడుతుంది, లోతు నీరు పొద్దున దాకా వేడిని పట్టుకుంటుంది. చలికాలంలో పొద్దున ఆరు గంటలకు చెరువులో వెచ్చని చోటు తూము దగ్గరి గుంట, లేదా చెరువు కట్టకముందు వాగు పారిన పాత దారి. మధ్యాహ్నం రెండు గంటలకు వెచ్చని చోటు శిఖం వైపు పలుచని నీళ్లు, నల్లటి బురద మీద తుంగ మొలిచిన అంచులు. నల్లని అడుగు ఎండను ఎక్కువగా మింగుతుంది కాబట్టి ఇసుక అడుగు కంటే బురద అడుగున నీరు ముందు వేడెక్కుతుంది.

దీనికి గాలి తోడవుతుంది. మన చలికాలపు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. పైన వేడెక్కిన పలుచని నీటి పొరను అది మెల్లగా పడమర, నైరుతి ఒడ్డుకు నెడుతుంది. మధ్యాహ్నానికి ఆ ఒడ్డున పురుగులు, చిన్న పరకలు చేరతాయి. వాటి వెంట పెద్ద చేప వస్తుంది. తెల్లవారుజామున కట్ట మీద కూర్చుని వణికేవాడు, పదకొండు గంటలకు అన్నం తిని తీరికగా నైరుతి ఒడ్డుకు పోతే మేలని నా అభిప్రాయం. ఎండాకాలంలో ఇది పనికిరాదు. అప్పుడు పలుచని నీళ్లు మధ్యాహ్నానికి మరిగిపోతాయి, తెల్లవారుజామే సరైన వేళ.

సాగర్ వంటి లోతైన జలాశయాల్లో కథ కొంచెం వేరు. ఎండాకాలంలో వెచ్చని తేలిక నీరు పైన, చల్లని బరువు నీరు కింద పొరలుగా విడిపోయి ఉంటాయి. చలికాలంలో పై నీరు రాత్రిపూట చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, అడుగు నీరు పైకి కలుస్తుంది. ఈ కలయికతో అడుగున మిగిలిన పోషకాలు పైకి వస్తాయి, ఆక్సిజన్ కిందికి దిగుతుంది. పొరల మధ్య అడ్డు పోయాక చేప ఏ లోతులోనైనా ఉండగలదు. చిన్న చెరువులో వెతికినంత సులువుగా దాన్ని సాగర్‌లో వెతకలేం.

ఇంతవరకు చెప్పిన నియమాలన్నిటికీ లొంగుతూనే, ఒక చోట మాత్రం లొంగని చేప కొర్రమీను. మన ఊళ్లలో కొర్రమట్ట అని కూడా అంటారు. శాస్త్రీయనామం చన్నా స్ట్రయేటా. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. పాములాంటి తల, గొట్టంలాంటి ఒళ్లు, నోటినిండా పళ్లు. తుంగలో, తామరాకుల కింద, గుర్రపుడెక్క మాటున కదలకుండా పొంచి ఉండి ఒక్క ఉదుటున దూకి పట్టుకుంటుంది. ఆ ఉదుటు తెల్ల కండరాల పని. వాటికి వేగం ఎక్కువ, ఓపిక తక్కువ.

కొర్రమీను నీళ్లలో ఉండి గాలి పీలుస్తుంది. మొప్పలకు పైన, తలలో రెండు వైపులా గదులు ఉంటాయి. వాటి లోపలి గోడలకు రక్తనాళాలు దట్టంగా పరుచుకుని ఉంటాయి. చేప పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి ఆ గదుల్లో నింపుకుంటుంది. దీనికి ఇది అదనపు సౌకర్యం కాదు, తప్పనిసరి. పైకి రానీయకుండా వలలో నీటి కిందే బిగిస్తే కొర్రమీను నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. అంగట్లో దాన్ని రెండంగుళాల నీళ్లున్న తొట్టిలో గంటల తరబడి బతికించి అమ్మగలుగుతున్నారంటే కారణం ఈ గదులే. మృగశిర కార్తె రోజున హైదరాబాదులో చేపమందు కోసం కొర్రమీను పిల్లలను చిన్న కవర్లలో పట్టుకొచ్చినా బతికే ఉంటాయి. ఆ మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. ఆ పిల్ల చేప బతికి ఉండటం మాత్రం శాస్త్రం చక్కగా వివరించగల సంగతి.

చలికాలంలో దీని ఊపిరి ఎలా మారుతుందో దగ్గరగా చూడవచ్చు. గాలి లేని మధ్యాహ్నం, తుంగ అంచున నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు ఒకచోట చూపు నిలిపి కూర్చోవాలి. ముందు ఒకటి రెండు బుడగలు లేస్తాయి. చేప పాత గాలిని వదులుతోందన్నమాట. వెంటనే ముట్టె నీటిని తాకుతుంది, గవ్వంత నల్లటి మెరుపు కనిపించి మాయమవుతుంది. మిగిలేది పలుచని వలయం మాత్రమే. చిన్న చేపలు ఎగిరినట్టు చప్పుడు ఉండదు. మళ్లీ అదే చేప ఎప్పుడు వస్తుంది? నీరు వెచ్చగా ఉంటే త్వరగా వస్తుంది. చల్లగా ఉంటే ఆలస్యం చేస్తుంది. దీనికి రెండు కారణాలు. చలికి ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ తగ్గుతుంది. అదే సమయంలో చల్లని నీరు ఎక్కువ ఆక్సిజన్‌ను కరిగించుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 7.5 మిల్లీగ్రాములే పడితే, 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాములు పడుతుంది. మొప్పల ద్వారా వచ్చేది పెరిగి, అవసరం తగ్గితే పైకి రావాల్సిన పని తగ్గుతుంది. అందుకే వానకాలంలో వలయాలు చూసి చేపల జాడ పట్టేవాళ్లు చలికాలంలో చెరువులో కొర్రమీనే లేదనుకుంటారు. ఇంకొంచెం సేపు ఆగితే కనిపిస్తుంది.

ఆ చేప దగ్గరికి చప్పుడు కాకుండా పోవాలి. ఇక్కడే పుట్టి గురించి చెప్పుకోవాలి. వెదురు బద్దలు అల్లి గుండ్రంగా కట్టి, వెనకటి రోజుల్లో తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి డాంబరు పూసిన పడవ ఇది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్ర మీద బుట్టల్లాంటి తోలు పడవలు తిరగడం చూసి రాశాడు. వాటిలో పదిహేను ఇరవై మంది పట్టేవాళ్లని, తెడ్డుతో నడుపుతుంటే నేరుగా పోకుండా గిరగిరా తిరిగేవని గమనించాడు. అదే తుంగభద్ర అలంపురం దాటి కృష్ణలో కలుస్తుంది. పుట్టి ఈ అయిదువందల ఏళ్లలో ఆకారం మార్చుకోలేదు.

మార్చుకోకపోవడానికి కారణం ఉంది. రెండు మీటర్ల అడ్డకొలత ఉన్న పుట్టి అడుగు మూడు చదరపు మీటర్లకు పైనే. అది ఒక్క సెంటీమీటరు మునిగితే 31 లీటర్ల నీటిని తోస్తుంది, అంటే 31 కిలోల బరువు మోస్తుంది. పుట్టి, ఇద్దరు మనుషులు, వల అన్నీ కలిపి 200 కిలోలనుకుంటే ఏడు సెంటీమీటర్ల లోపే మునగాలి. అంచుల వైపు అడుగు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి ఇంకాస్త కలుపుకున్నా నాలుగంగుళాలు. జానెడు నీళ్లున్న శిఖం అంచుకు కూడా అది పోగలదు. వెన్నుకర్ర లేదు కాబట్టే తెడ్డు పడ్డ ప్రతిసారీ తిరుగుతుంది, అలవాటైనవాళ్లు ముందు వైపు ఎనిమిది అంకె గీసినట్టు తెడ్డు ఆడించి దాన్ని నేరుగా లాగుతారు.

పుట్టిలో కూర్చునేవాడు చేప కంటికి కూడా తక్కువగా కనిపిస్తాడు. నీటి పైనున్న ప్రపంచమంతా చేపకు తలపైన సుమారు 97 డిగ్రీల వెడల్పున్న ఒక గుండ్రని కిటికీలోంచి కనిపిస్తుంది. కాంతి నీటిలోకి దిగేటప్పుడు వంగడం వల్ల ఆ కిటికీ ఏర్పడుతుంది. ఆకాశంలో కిందుగా ఉన్నవన్నీ కిటికీ అంచున నలిగిపోయి మసకగా కనబడతాయి. ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డ మనిషి తల నీటిమట్టం నుంచి 15 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. పుట్టిలో కూర్చుంటే 8, 9 డిగ్రీలకు దిగుతుంది. కానీ పుట్టి అడుగును కాలితో తన్నితే ఈ లాభమంతా పోతుంది. నీటిలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది, చేప ఒంటి పక్కన గీతలా ఉండే ఇంద్రియం చిన్న కదలికను కూడా పసిగడుతుంది.

ఈ పద్ధతికి ప్రపంచంలో తోడు ఉంది. అమెరికా దక్షిణ తీరంలో, టెక్సాస్, లూసియానా రాష్ట్రాల్లో, సముద్రపు పోటు ఎక్కి దిగే గడ్డి బురద నేలలు మైళ్ల కొద్దీ ఉన్నాయి. అక్కడ చలికాలంలో కయాక్ అనే సన్నని పొడవాటి పడవల్లో కూర్చుని రెడ్‌ఫిష్‌ను పడతారు. ఆ చేపకు తోక మొదట్లో నల్లటి చుక్క ఉంటుంది. కొర్రమీనుకు దగ్గరి బంధువైన చన్నా మారులియస్‌కూ తోక మొదట్లో అలాంటి కంటి గుర్తే ఉంటుంది. ఉత్తరపు చలిగాలి దిగిన రాత్రి రెడ్‌ఫిష్ లోతు కాలువల్లోకి పోతుంది, ఎండ ఎక్కాక నల్లబురద మీది పలుచని నీళ్లకు వస్తుంది. హ్యూస్టన్ దగ్గర స్థిరపడిన మన పిల్లలు ఎవరైనా ఆ వేటకు పోతే, నల్లగొండ చెరువులో పనికొచ్చే లెక్కే అక్కడా పనికొస్తుంది.

తేడా చలి తీవ్రతలో ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ తీరాన్ని తాకిన గడ్డకట్టే చలికి కనీసం 38 లక్షల చేపలు చచ్చాయని ఆ రాష్ట్ర వన్యప్రాణి విభాగం అంచనా వేసింది. చలికి భయపడి చేపలన్నీ కొన్ని లోతు గుంటల్లో కిక్కిరిసినప్పుడు, ఆ గుంటల్లో వేటను తాత్కాలికంగా ఆపేసే అధికారం అక్కడి ప్రభుత్వానికి ఉంది. రెడ్‌ఫిష్‌ను అమ్మకానికి పట్టడం టెక్సాస్‌లో 1981 నుంచే నిషేధం. గాలానికి పడినా 20 అంగుళాల లోపుదాన్ని వదిలేయాలి, 28 అంగుళాలు దాటినదాన్నీ సాధారణంగా వదిలేయాలి. చిన్నది ఎదగాలి, పెద్దది గుడ్లు పెట్టాలి అన్నది ఆలోచన.

మన చలి చేపల్ని అలా చంపదు, మరో దారిలో చంపుతుంది. డిసెంబరు, జనవరిలో కొర్రమీను, పరకల ఒంటి మీద ఎర్రటి మచ్చలు లేచి పుండ్లవుతాయి. అఫానోమైసిస్ ఇన్వడాన్స్ అనే బూజు జాతి దీనికి కారణం. ఈ తెగులు 1970ల మొదట్లో జపాన్‌లో, ఆస్ట్రేలియాలో బయటపడి, ఆగ్నేయాసియా మీదుగా 1988లో ఈశాన్య భారతానికి చేరి, ఆ తర్వాత దేశమంతా పాకింది. నీరు 18–22 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఆ బూజు హాయిగా పెరుగుతుంది. చేప మాత్రం అదే చలికి మందగించి ఉంటుంది, పుండును మాన్పుకునే శక్తి తగ్గి ఉంటుంది. చిన్న చెరువులు, కుంటల్లో సున్నం వేసి నీటి గుణం సరిచేయడం అందుబాటులో ఉన్న మార్గం. పుండ్లున్న చేపను ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు తీసుకుపోకూడదు, కడిగిన నీళ్లను కాలువలో పోయకూడదు. ఈ తెగులు మనిషికి అంటుకునేది కాదు.

ఇక ఎప్పుడు పట్టాలన్న సంగతి. ఎండాకాలంలో చెరువు ఎండి మడుగు మిగిలినప్పుడు అందులో చేపనంతా ఒకేసారి ఊడ్చేస్తాం. తొలకరిలో అలుగు పారితే ఎదురెక్కే చేపను గుడ్ల కడుపుతో పడతాం. కొర్రమీనును వానకాలంలో ఇంకా సులువుగా పట్టవచ్చు. అంచు నీళ్లలో తుంగను పక్కకు నెట్టి గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. అవి తేలతాయి. పిల్లలు వచ్చాక నారింజ ఎరుపు రంగులో గుంపుగా నీటి పైపైన కదులుతుంటాయి, తల్లీతండ్రీ రెండూ కిందే కాపలా కాస్తాయి. కప్పను ఆ గుంపు మధ్యలో ఆడిస్తే మేత కోసం కాదు, పిల్లల్ని కాపాడటానికే దూకి గాలం మింగుతాయి. అలా పట్టిన ఒక్క చేపతో గుంపు మొత్తం కాపలా లేకుండా పోతుంది, మిగతా చేపలు ఆ పిల్లల్ని తినేస్తాయి. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదులుతోంది, మంచిదే. వాటిలో ఎక్కువ భాగం రవ్వు, బొచ్చె జాతులు. చెరువులో తనంతట తాను పుట్టే కొర్రమీనును మనమే కాపాడుకోవాలి.

చలికాలంలో కొర్రమీను సాధారణంగా గుడ్లు పెట్టదు, పిల్లల్ని కాయదు. దాన్ని పట్టడానికి మాత్రం నెమ్మది, నీటి మీద చూపు, కాస్త లెక్క కావాలి. నా మట్టుకు కొర్రమీను వేటకు న్యాయమైన కాలం ఇదే. పుట్టి ఎక్కేవాళ్లు ఈత వచ్చినా సరే లైఫ్ జాకెట్ వేసుకోండి, సాగర్ మీద తూర్పుగాలి మధ్యాహ్నానికి అలలు లేపుతుంది. అడుగు లోపు చేప పడితే వదిలేయండి. వచ్చే వానకాలంలో చెరువు అంచున ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ గాలం వేయకండి. మీ ఊరి మత్స్య సహకార సంఘంలో మీరు సభ్యులైతే, ఈ ఒక్క మాటను తీర్మానంగా రాయించండి.